షేరు ధరల ఒడుదుడుకు: దానిని కొలుచుట, ముందుగా అంచనా వేయుట

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టరైతునకు సరాసరిని నమ్మరాదని యొకరు చెప్పనక్కఱలేదు. ఒక యేట చెఱువుకట్ట తెగునంత వాన, మఱుసటి యేట పశువులకు త్రాగునీరు లేని కఱవు. రెండును గలిపి సగము చేసినచో కాగితముపై మంచి వర్షపాతమే కనబడును. ఆ సగముతో పైరు పండదు.

చేతిఫోను ద్వారా షేర్లు కొనుట నేడు మన పల్లెలకును వచ్చినది. మొన్న నొక సభ్యుడు నన్నిట్లడిగెను: "అయ్యా, నిమ్మతోట మీద వచ్చిన లక్ష రూపాయలు చేత నున్నవి. బోరు వేయించుటకు నాలుగు నెలల వ్యవధి గలదు. అందాక షేర్లలో నుంచిన నేమి? ఏడాదికి నూటికి పండ్రెండు వచ్చునట గదా!" ఆ పండ్రెండు నిజమే యనుకొన్నను అది సరాసరి మాట. ధర ఆ సరాసరికి ఇరుప్రక్కల నెంత దూరము తిరుగును అనునదే అతడు మొదట అడుగవలసిన ప్రశ్న. ఈ తిరుగుటనే ఒడుదుడుకు అందుము.

దానిని కొలుచు విధము కష్టమైనది కాదు. ప్రతిదినము మార్కెట్టు ముగియునప్పటి ధర వ్రాసికొని, అది నిన్నటికంటె నూటికెంత హెచ్చినదో, ఎంత తగ్గినదో కనుగొనవలెను. రెండు షేర్ల అయిదు దినముల మార్పులు ఇట్లున్నవనుకొందము. మొదటిది: +1, −1, +2, −1, −1. రెండవది: +5, −6, +4, −5, +2. కూడి చూడుడు, రెండింటి సరాసరియు సున్నయే. ఇప్పుడు ప్రతి మార్పును దానిచేతనే గుణింపుడు. ఋణమును ఋణముచే గుణించిన ధనమగును గనుక హెచ్చుతగ్గులు ఒకదానినొకటి మ్రింగివేయవు. ఈ వర్గముల మొత్తము మొదటి షేరునకు 8, రెండవదానికి 106. దినముల సంఖ్యలో ఒకటి తగ్గించి 4 చే భాగించిన 2, 26.5 వచ్చును. వాని వర్గమూలములు 1.41, 5.15. ఇవియే ఆ షేర్ల దినపు ఒడుదుడుకులు. సరాసరి సున్న కానప్పుడు ముందుగా ప్రతి మార్పునుండి సరాసరిని తీసివేసి పిదప వర్గము చేయవలెను. అయిదు దినములు పాఠమునకు చాలును గాని పనికి చాలవు. మూడు నెలల ధరలైనను చేత నుండవలెను. చిన్నతనమున మిషను బడిలో వర్గమూలములు ఎందులకని మా ఉపాధ్యాయుని విసిగించితిని; నలువదేండ్లు దాటిన తరువాత నాకు జవాబు దొరకినది.

మఱియొక సంగతి. రెండవ షేరులో రూ.1,000 పెట్టినవానికి, సరాసరి సున్న యైనను, అయిదవనాటికి రూ.994.66 మాత్రమే మిగులును. ఒడుదుడుకే కొంత తినివేయును. సగము పోయిన సొమ్ము మొదటికి వచ్చుటకు ఉన్నది రెట్టింపు కావలెను గదా.

దినపు లెక్కను ఏడాదికి మార్చుటకు దినములతో గుణింపరాదు. కల్లు త్రాగి తూలుచు నడచువాడు నాలుగువందల అడుగులు వేసినను బయలుదేరిన చోటికి నాలుగువందల అడుగుల దూరము పోడు. ముందు వెనుకలు కొంత కొట్టివేసికొనును. కావున కాలము నాలుగింతలైన ఒడుదుడుకు రెండింతలే యగును. మార్కెట్టు తెఱచి యుండు దినములు ఏటికి సుమారు 250. దాని వర్గమూలము 15.8. మొదటి షేరు ఏడాది ఒడుదుడుకు నూటికి 22, రెండవదానికి 81. నాలుగు నెలలనగా ఏడాదిలో మూడవ వంతు గనుక 1.73 చే భాగింపవలెను: సుమారు 13, 47.

ఇక మన సభ్యుని లక్ష మాట. నాలుగు నెలలలో అతడాశించు లాభము రూ.4,000. సాధువైన మొదటి షేరులోనైనను రూ.13,000 అటో యిటో పోవుట వింత కాదు. మూడు పర్యాయములలో నొకసారి ఆ మేరను గూడ దాటవచ్చును. రెండవదానిలోనైనచో బోరు సగము లోతుననే నిలిచిపోవచ్చును.

రేపు ధర హెచ్చునా తగ్గునా యని చెప్పగలిగినవాడు లేడు. అయితే రేపటి ఊపు పెద్దదో చిన్నదో కొంతవఱకు చెప్పవచ్చును. పెన్నకు వఱద వచ్చిన మఱునాడు సోమశిల వద్ద ప్రవాహము ఒక్కసారిగా అడుగంటదు; ఎండిన యేరును కారణము లేక పొంగదు. ధరల కదలికయు నట్టిదే. మాండెల్‌బ్రాట్ అను గణితవేత్త 1963లో ప్రత్తి ధరలను పరిశీలించి, పెద్ద మార్పుల వెంట పెద్ద మార్పులే, చిన్నవాని వెంట చిన్నవే వచ్చుచుండుననియు, అవి ఏ దిక్కున వచ్చునో మాత్రము నియమము లేదనియు చూపెను. రైతు పండించిన సరకునందే ఈ సంగతి బయటపడుట నాకు ముచ్చటగా నున్నది. 1982లో ఎంగిల్ దీనికి సూత్రము కట్టెను; 2003లో ఆయనకు నోబెలు బహుమాన మిచ్చిరి.

1994లో జె.పి.మోర్గన్ బ్యాంకువారు ప్రకటించిన సులభమైన పద్ధతి మన పద్దుపుస్తకమునకు సరిపోవును. నేటివఱకున్న అంచనా వర్గమునుండి నూటికి 94 పాళ్ళు, నేటి మార్పు వర్గమునుండి 6 పాళ్ళు తీసి కూడవలెను. అంచనా 1 ఉండగా నేడు ధర నూటికి 5 పడెననుకొనుడు. 0.94కు, 25లో 6 పాళ్ళగు 1.50ని కూడిన 2.44, వర్గమూలము 1.56. రేపటి అంచనా అదియే. రేపు ధర కదలకున్నను ఎల్లుండికి 1.51 వఱకే తగ్గును. భయము ఒక్కనాట వచ్చి మెల్లగా పోవును. నేడు 5 పడుటకు బదులు 5 హెచ్చినను లెక్క యిదియే. 2009 మే 18వ తేదీన సెన్సెక్సు ఒక్కనాట నూటికి 17 మించి హెచ్చినదియు ఒడుదుడుకే.

లెక్క వేయ నోపికలేనివారు ఇండియా విక్స్ అను సూచికను చూడవచ్చును. రాబోవు ముప్పది దినములకు వ్యాపారులు ఎదురుచూచు ఒడుదుడుకును అది ఏడాది లెక్కలో చెప్పును. నెలకు కావలెనన్న 3.5 చే భాగింపుడు. 2020 మార్చిలో మహమ్మారి భయముచే అది 80 దాటెను.

ఈ అంచనాకు హద్దు కలదు. హైదరాబాదులోని సత్యం కంపెనీవారు 2008 డిసెంబరు 16న మేటాస్ సంస్థలను కొనుటకు నిశ్చయించి, వాటాదారులు మండిపడగా వెంటనే మానుకొనిరి. మఱునాడు షేరు నూటికి ముప్పది వఱకు పడెను. అప్పుడు పద్దు వ్రాయుచున్నవానికి అంచనా హెచ్చియే కనబడి యుండును. కాని 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కలు తప్పుడువని ఒప్పుకొని లేఖ వ్రాయగా, ఒక్కనాటనే ధర నాలుగింట మూడు పాళ్ళకు మించి పోయెను. అంత లోతును ఏ వర్గమూలమును చెప్పలేదు. దొంగలెక్కలు బయటపడు దినము ధరల పట్టికలో ముందుగా కనబడదు. అందుచేత ఒకే కంపెనీలో సొమ్మంతయు పెట్టువానికి ఈ కొలత ధైర్యము నీయరాదు.

మన సభ్యుడు నాలుగువేల ప్రక్కన పదుమూడువేలు వ్రాసికొని కొంతసేపు చూచెను. బోరు సొమ్మును సహకార బ్యాంకులో డిపాజిటు చేసెను. వేఱుగా నున్న పదివేలు మాత్రము షేర్లలో పెట్టి, ప్రతి సాయంకాలము ధర వ్రాయుచున్నాడు. మొదటి నెల లెక్క అతనితో గూర్చుండి వేసెదనని చెప్పితిని. ఇతర సభ్యులును తమ పుస్తకములు తీసికొని రావచ్చును.