గుండెల్లో మంట - ఎండోస్కోపీ చూపేది, చూపనిది



మా గదిలో ఒక మిత్రుడు రాత్రి భోజనమైన గంటకే గుండెల్లో మంట, పుల్లని త్రేన్పులు అంటూ లేచి కూర్చునేవాడు. నెలల తరబడి మందుల షాపులో గ్యాస్ బిళ్ళలు కొనుక్కుని మింగాడు. చివరికి ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేస్తే రిపోర్టులో "నార్మల్" అని వచ్చింది. ఆ రోజు నుంచి మేమందరం వాణ్ణి "స్టడీ అవర్ ఎగ్గొట్టడానికి నాటకం" అని ఏడిపించాం. అసలు సంగతి తెలిశాక తలదించుకున్నాం. అప్పుడు మేము తెలుసుకున్నదే ఈ పాఠం.

ఆమ్లం పైకి ఎందుకు వస్తుంది?

మనం మింగిన ముద్దను జీర్ణాశయానికి చేర్చే గొట్టం ఆహారవాహిక. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెం.మీ. దాని కింది చివర సంవరిణీ కండరం తలుపులా పనిచేస్తుంది. ముద్ద వచ్చినప్పుడు తెరుచుకుని, దిగగానే మూసుకుంటుంది. జఠర రసంలో ఘాటైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి జీర్ణాశయం గోడకు మందమైన జిగురు పొర ఉంది. ఆహారవాహికకు అంత రక్షణ లేదు. కాబట్టి తలుపు వేళగాని వేళ వదులైతే ఆమ్లం పైకి ఎగదన్ని మంట పుడుతుంది. ఎప్పుడో ఒకసారి ఇలా అయితే జబ్బు కాదు. మాటిమాటికీ వచ్చి బాధపెడితే, లేక గొట్టాన్ని పుండు చేస్తే, దాన్ని డాక్టర్లు "గెర్డ్" అంటారు.

గొట్టంలోకి తొంగిచూసినవారు

1868లో జర్మనీ డాక్టరు కుస్‌మాల్, కత్తులు మింగే గారడీవాని గొంతులోకి నిటారు లోహపు గొట్టం దించి చూశాడు. అటువంటిది మామూలు రోగి భరించలేడు. 1954లో హాప్కిన్స్, పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ కలిసి సన్నని గాజు తంతువుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని లండన్‌లో నిరూపించారు. మనం ఫిజిక్సులో చదివే సంపూర్ణాంతర పరావర్తనమే దీనికి ఆధారం. ఆ పరిశోధన స్ఫూర్తితో అమెరికాలో బేసిల్ హిర్షోవిట్జ్ వంగే ఎండోస్కోపును తయారుచేసి, 1957లో ముందుగా తన గొంతులోకే దించుకున్నాడు. నేటి ఎండోస్కోపుల కొసన చిన్న కెమెరా ఉంటుంది. గొంతుకు మత్తుమందు కొట్టి, కొద్ది నిమిషాల్లో పరీక్ష ముగిస్తారు.

తెల్లని వెలుగులో కనబడేది

ఆమ్లం చేసిన పుండ్లను "లాస్ ఏంజెలెస్" పద్ధతిలో నాలుగు తరగతులుగా రాస్తారు.

ఎ - 5 మి.మీ. మించని పుండు.
బి - 5 మి.మీ. మించిన పుండు.
సి - పుండ్లు మడతల మధ్య కలిసిపోయి, గొట్టం చుట్టుకొలతలో 75 శాతం లోపు ఉండడం.
డి - 75 శాతం, ఆపైన.

బి, సి, డి ఉంటే గెర్డ్ రుజువైనట్లేనని "లియాన్ 2.0" అనే అంతర్జాతీయ నిపుణుల నిర్ణయం చెబుతోంది. ఎ ఒక్కటే ఉంటే చాలదు. అసలు చిక్కు ఏమిటంటే, రిఫ్లక్స్ బాధితుల్లో సగానికి పైగా మందికి ఏ పుండూ కనబడదు. పైగా ముందు నుంచి ఆమ్లం తగ్గించే బిళ్ళలు మింగుతుంటే ఉన్న పుండు మానిపోయి కనబడకుండా పోవచ్చు.

వెలుగు మార్చి చూస్తే

ఇక్కడే కొత్త పద్ధతి అక్కరకు వస్తుంది. దాని పేరు నారో బ్యాండ్ ఇమేజింగ్. తెల్లని కాంతికి బదులు 415, 540 నానోమీటర్ల దగ్గరి నీలి, ఆకుపచ్చ కాంతులనే వాడతారు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఈ కాంతులను బాగా పీల్చుకుంటుంది. నీలి కాంతి లోతుకు పోదు కనుక పైపొరలోని కేశనాళికలు గోధుమరంగులో, లోతైన రక్తనాళాలు నీలి ఆకుపచ్చ రంగులో తేటగా కనబడతాయి. ఆమ్లం తాకిడికి కేశనాళికలు ఉబ్బడం, వంకర తిరగడం, మామూలు వెలుగులో దొరకని సన్నని పుండ్లు ఇందులో దొరకవచ్చు. ఏళ్ల తరబడి ఆమ్లం తగిలి ఆహారవాహిక పొర మారిపోయే బ్యారెట్ స్థితిని పరీక్షించడానికి ఇది మరీ ఉపయోగం. ఆ స్థితి కొందరిలో క్యాన్సరుకు దారితీయగలదు.

అయితే కేశనాళికల మార్పు ఒక్కదాన్నే చూసి జబ్బు ఉందని తీర్పు చెప్పరు. చూసే డాక్టరును బట్టి ఆ గుర్తింపు మారవచ్చు.

కెమెరా ఆగినచోట

కెమెరా గాయాన్ని చూపుతుంది గాని, రాత్రి ఎన్నిసార్లు ఆమ్లం పైకి వచ్చిందో చూపదు. అందుకు ముక్కు గుండా సన్నని తీగ వేసి 24 గంటలు పి.హెచ్. కొలుస్తారు. పి.హెచ్. 4 కంటే తక్కువగా ఉన్న సమయం మొత్తంలో 6 శాతం దాటితే గెర్డ్ ఉన్నట్లే. లెక్క కట్టండి: 24 గంటల్లో 6 శాతం అంటే సుమారు 86 నిమిషాలు. మా మిత్రునికి తరువాత ఈ పరీక్ష చేస్తే ఆ హద్దు దాటింది. వాడి మంట నిజం. మా ఎగతాళే తప్పు.

మనం గుర్తుంచుకోవలసినవి

మంట వచ్చిన ప్రతివారికీ ఎండోస్కోపీ అక్కరలేదు. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. మన హాస్టల్‌లో ఏడు గంటలకు తిని, స్టడీ అవర్ కూర్చుని, పదికి పడుకుంటే ఆ మూడు గంటలూ సరిపోతాయి. తిన్న వెంటనే దుప్పటి కప్పుకుని పుస్తకం పట్టుకునేవారికే తిప్పలు. మింగడం కష్టమైనా, బరువు తగ్గినా, రక్తపు వాంతి అయినా, మలం నల్లగా వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. ఛాతీ బిగిసి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే "గ్యాసే" అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలకూ ఈ మాట చెప్పండి.

"నార్మల్" అన్న రిపోర్టుకు ఆ వెలుగులో గాయం కనబడలేదనే అర్థం, బాధ లేదని కాదు. పక్క మంచం మీద మిత్రుడు అర్ధరాత్రి లేచి కూర్చుంటే నవ్వకండి. వార్డెన్ గారికి చెప్పి, తోడుగా ఆసుపత్రికి వెళ్ళండి. మేము ఆలస్యంగా నేర్చుకున్నది మీరు ముందే నేర్చుకోవాలని మా కోరిక.