కారును ఆపేది బ్రేకా, టైరా?

విద్యార్థులారా! ముందుగా ఒక చిన్న ప్రశ్న. వేగంగా పోతున్న కారును ఆపేది ఏది? "బ్రేకు" అని మీలో చాలామంది వెంటనే అంటారు. ఆ జవాబు సగమే సరైనది. మిగతా సగం తెలియక కొందరు డబ్బు పోగొట్టుకుంటున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకుంటున్నారు.

జనగామలో మా పాత విద్యార్థి ఒకడు స్పోర్ట్స్ రకం పాత కారు కొన్నాడు. ఒకనాడు బడికి వచ్చి, "సార్, బండి ఉరుకుడు మంచిగనే ఉరుకుతుంది గానీ, బ్రేకు కొడితే జల్ది ఆగుతలేదు. పెద్ద డిస్కులు వేయించమంటున్నరు. వేలకు వేలు అయితయట. తక్కువ ఖర్చుల ఏమన్న ఉపాయం ఉందా?" అని అడిగాడు. "ఉపాయం తొమ్మిదో తరగతిలో చెప్పాను కదరా, మరిచిపోయావా?" అన్నాను. ఆనాడు నల్లబల్ల మీద అతనికి వేసి చూపిన లెక్కనే ఇప్పుడు మీకూ చెబుతాను.

ఆగడానికి ఎంత దూరం?

కదిలే వస్తువుకు గతిజశక్తి ఉంటుంది. ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి సగం చేస్తే ఆ శక్తి వస్తుందని మీరు చదివారు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ శక్తిని హరించేది ఘర్షణ. కాబట్టి బ్రేకు వేశాక కారు పోయే దూరం కూడా నాలుగు రెట్లవుతుంది. సూత్రం ఇది: వేగ వర్గాన్ని, ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణాల లబ్ధానికి రెట్టింపుతో భాగించాలి.

పొడి తారు రోడ్డు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం సుమారు 0.7 అనుకుందాం. గంటకు 40 కి.మీ. వేగంలో కారు 9 మీటర్లలో ఆగుతుంది. 80 కి.మీ. వేగంలో అదే కారుకు 36 మీటర్లు కావాలి. దీనికి ఇంకొక దూరాన్ని కలపాలి. అడ్డు వచ్చినదాన్ని కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీద పడేసరికి దాదాపు ఒక సెకను గడుస్తుంది. ఆ సెకనులో 80 కి.మీ. వేగంతో పోయే కారు 22 మీటర్లు ముందుకు పోతుంది. మొత్తం 58 మీటర్లు!

ఇప్పుడు రెండు కార్లను ఊహించండి. ఒకటి 60 కి.మీ. వేగంతో, రెండోది 80 కి.మీ. వేగంతో పోతున్నాయి. సరిగ్గా 37 మీటర్ల దూరంలో ఒక బర్రె రోడ్డు మీదికి వచ్చింది. ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణంలో చూశారు. మొదటి కారు బర్రె ముందు ఆగిపోతుంది. రెండో కారు బర్రెను తాకేటప్పటికి దాని వేగం ఎంత ఉంటుంది? "20 ఉంటుందేమో" అని మా విద్యార్థి అన్నాడు. లెక్క వేస్తే దాదాపు 61 కి.మీ. వచ్చింది. అతను రెండుసార్లు సరిచూసుకున్నాడు. లెక్క సరిగ్గానే ఉంది.

బ్రేకు చేసే పని

బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది. రోడ్డును పట్టుకునేది మాత్రం టైరు. అరచేయంత చోటు చొప్పున నాలుగు చోట్ల మాత్రమే కారు నేలను తాకుతుంది. ఆ నాలుగు చోట్ల ఘర్షణ ఇచ్చేదానికన్నా ఎక్కువ బలంతో ఏ బ్రేకూ కారును ఆపలేదు.

ఆ కారును ఒక మెకానిక్ ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి, సున్నపు గీత దగ్గర గట్టిగా బ్రేకు వేశాడు. చక్రాలు తిరగడం మానేసి, నేల మీద జారుకుంటూ పోయాయి. అంటే చక్రాన్ని పట్టే బలం బ్రేకుకు ఇప్పటికే ఉంది. నేలను పట్టే బలమే టైరుకు లేదు. ఇక పెద్ద డిస్కులు వేయిస్తే లాభమేమిటి?

మరి పెద్ద డిస్కులు ఎందుకు ఉన్నాయి? వేడి కోసం. 1,000 కిలోల కారు 80 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు దాని గతిజశక్తి దాదాపు 2,47,000 జౌళ్లు. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 89 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయడానికి ఆ శక్తి చాలు. అదంతా మూడు సెకన్లకు కాస్త ఎక్కువ కాలంలో వేడిగా మారుతుంది. అంటే సుమారు 100 అశ్వసామర్థ్యం! ఒకసారి ఆగితే ఫరవాలేదు. పదేపదే బ్రేకు వేస్తే వేడి పేరుకుని పట్టు తగ్గుతుంది. భూపాలపల్లి గనుల నుంచి బొగ్గు మోసే లారీకి ఈ వేడే పెద్ద సమస్య. బరువు పెరిగినకొద్దీ చల్లార్చవలసిన వేడి కూడా పెరుగుతుంది.

డిస్కు బ్రేకుకు ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లో పేటెంటు పొందాడు. 1953లో లె మాన్స్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచింది. డ్రమ్ము వేడిని లోపలే దాచుకుంటుంది. డిస్కు గాలికి తెరిచి ఉండి త్వరగా చల్లారుతుంది. పందెం కారుకు ఇది అవసరం. జనగామ నుంచి హైదరాబాదుకు పోయి వచ్చే కారుకు దానికున్న బ్రేకులే చాలు, అవి సరిగా ఉంటే!

తక్కువ ఖర్చుతో ఏం చేయాలి?

1. టైర్లు: టైరు గాడుల అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి. గాడులు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు ఆయుష్షు తీరినట్టే. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వానలో నీళ్లు బయటికి పోయే దారులు ఆ గాడులే. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. పాతబడ్డ రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. గాలి ఒత్తిడిని టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

2. బ్రేకు నూనె: దీన్ని నూనె అంటాం గానీ, చాలా కార్లలో ఇది గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడలు మెత్తగా లోపలికి పోతుంది, బ్రేకు పట్టదు. సాధారణంగా రెండేళ్లకొకసారి దీన్ని మార్చాలి.

3. ప్యాడ్లు, లైనింగులు: అరిగినవి మార్చాలి. వెనక డ్రమ్ములను శుభ్రం చేయించి సరిచేయించాలి. కొత్త ప్యాడ్లు వేశాక మొదట కొన్నిసార్లు మెల్లగా బ్రేకు వేస్తూ వాటిని డిస్కుకు అలవాటు పడనివ్వాలి.

4. వేగం: దీన్ని తగ్గించడానికి పైసా ఖర్చు లేదు. ఫలితం మాత్రం అన్నింటికన్నా ఎక్కువ.

ఈ పనులన్నీ మెకానిక్ చేతనే చేయించాలి. బ్రేకు నూనె విషం. రంగును కూడా తినేస్తుంది. మీరు ముట్టుకోవద్దు.

మా విద్యార్థి కారు టైర్లు ఏడేళ్ల నాటివి. బ్రేకు నూనె చాయ్ రంగుకు మారింది. నాలుగు టైర్లు, నూనె, వెనక లైనింగులు మార్పించాడు. పెద్ద డిస్కులకు అడిగిన ధరలో సగం కూడా కాలేదు. మళ్లీ అదే మైదానంలో, అదే వేగంతో చూస్తే కారు మునుపటి గుర్తుకు బాగా ఇవతలే ఆగింది.

జారే చక్రం కన్నా, జారడానికి సిద్ధంగా ఉండి ఇంకా తిరుగుతున్న చక్రానికే పట్టు ఎక్కువ. చక్రం బిగుసుకోకుండా సెకనుకు ఎన్నోసార్లు బ్రేకును వదిలి పట్టే ఏబీఎస్ పరికరం చేసేది ఇదే. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది.

మీరే చేసి చూడండి

ప్రయోగం 1: ఒక మీటరు పొడవున్న నున్నని చెక్క పలక మీద రబ్బరు ముక్క (చెరిపేది) పెట్టండి. పలక ఒక కొసను మెల్లగా ఎత్తండి. రబ్బరు జారడం మొదలుపెట్టగానే ఆపి, ఆ కొస ఎత్తును, కింద నేల మీది దూరాన్ని కొలవండి. ఎత్తును నేల దూరంతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకం. తర్వాత పలకను తడిపి చూడండి. ఆపైన పలకను తుడిచి, ఆరనిచ్చి, గుప్పెడు మక్కగింజలు పరిచి చూడండి.

మూడో కొలత మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. కోతల కాలంలో జనగామ, మానుకోట పల్లె దారుల మీద, కల్లాలు చాలక, వడ్లు, మక్కలు ఆరబోయడం మీరు చూసే ఉంటారు. ఆ గింజలు టైరు కింద బాల్ బేరింగుల్లా దొర్లుతాయి. అక్కడ ఎంత ఖరీదైన బ్రేకులైనా ఒక్కటే. గుణకం సగమైతే ఆగే దూరం రెట్టింపవుతుంది. మోటారు సైకిల్ అయితే పడిపోతుంది కూడా. అలాంటి చోటు దూరం నుంచి కనబడగానే వేగం తగ్గించమని మీ నాన్నకు, అన్నకు చెప్పండి.

ప్రయోగం 2: సూది లేని రెండు సిరంజీలను సన్నని గొట్టంతో కలపండి. నీళ్లతో నింపి ఒకదాన్ని నొక్కితే రెండోది వెంటనే కదులుతుంది. ఇదే పాస్కల్ నియమం. ఇప్పుడు మధ్యలో ఒక గాలి బుడగను ఉంచి, రెండో సిరంజీని వేలితో ఆపి నొక్కండి. మీ నొక్కుడు బుడగను కుదించడానికే పోతుంది. బ్రేకు నూనె మరిగినప్పుడు జరిగేది ఇదే.

ఆలోచించండి

1. తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.4 అయితే, 80 కి.మీ. వేగంలో బ్రేకు వేశాక కారు ఎంత దూరం పోతుంది? (జవాబు: దాదాపు 63 మీటర్లు.)

2. ఆగే దూరం సూత్రంలో కారు బరువు లేదు. ఎందుకు లేదో చెప్పగలరా?

3. మహబూబాబాద్ మీదుగా పోయే రైలుకు ఉక్కు చక్రాలు, ఉక్కు పట్టాలు. గేటు పడ్డాక దాని కింద నుంచి దూరడం ఎందుకు ప్రమాదమో ఘర్షణ గుణకంతో వివరించండి.

మా విద్యార్థి వెళ్లబోతూ, "మరి ఎర్ర రంగు డిస్కులు వేయించనా సార్?" అని నవ్వాడు. "రంగు నీ ఇష్టం. మీ ఇంటి ముందు నుంచి బడికి పోయే పిల్లలకు మాత్రం నీ కారు ఆగే దూరమే ముఖ్యం" అన్నాను. మీ ఇంట్లో బండి ఉంటే, ఈ ఆదివారం దాని టైరు గాడులను చూసి రండి.