కాకి, తాటిపండు

అవనిగడ్డ,
గురువారం

చిరంజీవి స్వాతికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సగం సంగతి మీ అమ్మ ముందే ఫోన్లో చెప్పిందిలే. ఆ అబ్బాయి పుట్టినరోజూ నీదీ ఒకటేనట, మెట్రోలో మూడుసార్లు ఒకే పెట్టెలో ఎదురయ్యాడట, కాబట్టి "రాసిపెట్టి ఉంది తాతయ్యా" అన్నావు. అబ్బాయి మీద నాకేం కోపం లేదమ్మా. ఆ "కాబట్టి" మీదే నా గొడవంతా.

ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఊరుకోలేను. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్ళలో ఏ ఇద్దరిదో పుట్టినరోజు కలిసే అవకాశం సగం దాటుతుంది. అచ్చంగా నీ తేదీయే కావాలంటే 253 మంది ఉండాలి. మీ ఆఫీసు ఒక్క అంతస్తులోనే అంతకు మించి ఉన్నారని నువ్వే చెప్పావు. ఇక మెట్రో అంటావా, ఇద్దరూ పొద్దున్నే మియాపూర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేవాళ్ళేనాయె. ఎదురుపడకపోతే విడ్డూరం గానీ!

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకటో తరగతి రిజిస్టరు చూసి తనిఖీకి వచ్చినాయన నోరు వెళ్ళబెట్టాడు. పదకొండుమంది పిల్లలు జులై 1నే పుట్టారు! దైవలీల కాదు. "ఉప్పెన వచ్చిన ఏడు పుట్టాడండి" అని తండ్రి అంటే, తేదీ గడి ఖాళీగా వదలకూడదు గనక నేను వేసిన తేదీ అది.

జ్వరం పూర్తిగా తగ్గిందా? రాత్రిపూట మిరియాల పాలు తాగు, బద్ధకించకు.

కాకతాళీయం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కాకి వాలింది, తాటిపండు పడింది. ఆ ఒక్క కాకి కథే అందరూ చెప్పుకుంటారు. వాలి, ఏమీ పడక ఎగిరిపోయిన కాకుల్ని లెక్కపెట్టిందెవరు? నేను పెట్టాను. బల్లి పలికినప్పుడల్లా మీ అమ్మమ్మ "సత్యం" అని నేలమీద తట్టేది కదా. ఒక వానాకాలమంతా నోటుపుస్తకంలో నిలువుగీత కొట్టి, నిజమైనవి ఒకవైపు, కానివి ఒకవైపు వేశాను. కానివి నాలుగో పేజీకి పాకాయి, నిజమైనవి మొదటి పేజీ దాటలేదు. ఇంకా లెక్క తేల్చకముందే ఆ పుస్తకంలో ఆవిడ పాలపద్దు రాసేసుకుంది.

నువ్వూ ఒక పుస్తకం పెట్టు. చెప్పిన వేళకి వచ్చాడా, రాలేదా? హోటల్లో సర్వరుతో ఎలా మాట్లాడాడు? నువ్వు కాదన్నప్పుడు ముఖం ఎలా పెట్టాడు? రెండు వైపులా నిజాయితీగా వెయ్యి. ఆర్నెల్లు చాలు. ఆ లెక్క బాగుంటే ముహూర్తం నేనే పెట్టిస్తాను.

నిన్న అన్నం తింటుంటే పొలమారింది. మీ అమ్మమ్మ ఉంటే నెత్తిమీద తట్టి "స్వాతి తలుచుకుంటోంది" అనేది. నేనే తట్టుకుని ఫోను వంక చూశాను. మోగలేదు. కానివాటి వైపు వేసుకున్నాను.

ఆదివారం ఫోన్ చెయ్యి.

మీ తాతయ్య