ఒకటి నడిచేది, ఒకటి విప్పింది, ఒకటి కప్పింది

రిటైరయ్యాక సరదాపడి ఒక అంబాసిడర్ కొంటారు. దాని స్పేర్ల కోసం తిరుగుతుంటే ప్రీమియర్ పద్మిని ఒకటి చవగ్గా దొరుకుతుంది. ఎవరి పెరట్లోనో టార్పాలిన్ కింద స్టాండర్డ్ హెరాల్డ్ ఉందని తెలిస్తే అదీ ఇంటికొస్తుంది. తర్వాత మూడూ ఒకేసారి విప్పుతారు, పని అక్కడే ఆగిపోతుంది. ఎన్ని కార్లున్నా విప్పి ఉన్నది ఒక్కటే ఉండాలి. మిగతా పద్ధతంతా దీన్ని నిలబెట్టడానికే.

1. ముందు కాగితాలు

స్పానర్ పట్టకముందే ఆర్సీ తీయండి. అందులోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కారు మీదున్న వాటితో కలవాలి. కాగితాలు తేలేదాకా ఆ కారు మీద రూపాయి పెట్టొద్దు. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని సొంత వాహనాలకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తగా చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. అయితే ఆ నంబరుతో రోజూ బజారుకు వెళ్లడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం వంటి వాటికే అనుమతి.

2. తుప్పును బట్టి వరస

స్క్రూడ్రైవర్ పిడితో కింది రేకుల మీద కొడుతూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, చివికింది డబ్‌మంటుంది. అంబాసిడర్‌కూ పద్మినికీ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద పొడవునా ఉండే డబ్బా రేకు చివికితే కారు నడుమే వంగుతుంది. దాన్ని కోసే ముందు తలుపు ఖాళీలో ఇనుప బద్దీలు అడ్డంగా వెల్డింగ్ చేయించండి. లేకపోతే పనయ్యాక తలుపులు పడవు. 1961 నుంచి 1971 దాకా మద్రాసులో తయారైన హెరాల్డ్ తీరు వేరు. ఛాసిస్ విడిగా ఉంటుంది, బాడీ ముక్కలు బోల్టులతో ఊడొస్తాయి.

మూడింటిలో తుప్పు తక్కువున్నదాన్నే ముందు పట్టుకోండి. అది త్వరగా నడిస్తే షెడ్డులో చోటూ వస్తుంది, చేతికి పనీ వస్తుంది.

3. విప్పడం

ప్రతి భాగాన్నీ తీయకముందు ఒకటి, తీశాక ఒకటి ఫోన్‌లో ఫొటో తీయండి. బోల్టులు, వాషర్లు కవర్లలో వేసి చీటీ పెట్టండి. కారుకో రంగు టేపు అంటిస్తే పద్మిని బోల్టు అంబాసిడర్ డబ్బాలో పడదు. ఏళ్లుగా తిరగని ఇంజిన్‌ను సెల్ఫ్ కొట్టి లేపొద్దు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొంచెం డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, చేత్తో తిప్పిచూడండి.

4. బయటికి వెళ్లిన పని

రెండో కారుతో అవసరం పడేది ఇక్కడే. బ్లాక్ లేత్ షాపుకు, బంపర్లు క్రోమ్ పూతకు, రేడియేటర్ సోల్డరింగ్‌కు వెళ్తాయి. అవి చెప్పిన రోజుకు రావు. ఆ ఖాళీలో మూడో కారు విప్పబుద్ధవుతుంది, విప్పకండి. నడిచే కారుకు వైరింగో బ్రేకులో చూసుకోండి. కప్పిపెట్టిన కారుకు సామాను పోగేయండి. పాత స్పేర్లకు చెన్నై పుదుప్పేట ఉంది. హెరాల్డ్ యాంత్రిక భాగాలు చాలావరకు బ్రిటన్ ట్రయంఫ్ కార్లవే కాబట్టి అక్కణ్నుంచీ తెప్పించుకోవచ్చు.

లేత్ షాపుకు ఒట్టి బ్లాక్ పంపొద్దు. ఓవర్‌సైజ్ పిస్టన్లు ముందే కొని వాటితో పాటు పంపండి. పిస్టన్‌ను కొలిచి బోరు కొట్టాలి గానీ, బోరు కొట్టాక దానికి సరిపోయే పిస్టన్ దొరకడం కష్టం.

5. వానాకాలం, చలికాలం

గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు డ్యూకో పెయింట్ వేస్తే పొగ పట్టినట్టు తెల్లబారుతుంది. అందుకే టింకరింగ్, ఇంజిన్, గేర్‌బాక్స్ వానాకాలంలో ముగించి, లప్పం, పెయింట్ దీపావళి దాటాక పెట్టుకోండి. ఎండాకాలంలో పొద్దున్న పూట సీట్లు, లోపలి రెక్సిన్ చాలు.

6. ప్రాణం నిలిపే పనులు

జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి దూరొద్దు, స్టాండ్లు తప్పనిసరి. ఇంజిన్ ఎత్తడానికి చైన్ బ్లాక్, పక్కన ఒక కుర్రాడు ఉండాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కనుక డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. వీల్ సిలిండర్ల రబ్బర్లన్నీ మార్చండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు గొట్టాలూ పంపు డయాఫ్రమూ దానికి తట్టుకోవు. పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది, నెలల తరబడి కప్పి ఉంచే కారులో పెట్రోలు ఉంచొద్దు. హెరాల్డ్ ముందు చక్రాల ట్రన్నియన్లకు గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పట్టాలి. మరిస్తే అవి విరిగి చక్రం కూలబడుతుంది.

7. పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి

పెయింట్ మెరిసినంత మాత్రాన కాదు. మామూలు ఆర్సీ ఉన్న కారైతే, బోరింగ్ తర్వాత మొదట కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆయిల్ మార్చండి. ఆ తర్వాత హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లి, వేడెక్కకుండా, చుక్క కారకుండా తిరిగి రావాలి. అప్పుడే కప్పి ఉన్న కారు టార్పాలిన్ తీయండి. ఈలోగా ఎవరైనా నాలుగో కారు సంగతి చెబితే, మూడింటిలో ఏది అమ్ముతారో ముందు తేల్చుకోండి.