కుదరని కుట్టు

ఆరంభించిన పనిని నడుమ విడువరాదని పెద్దలు చెప్పుదురు. విఘ్నములకు భయపడి పనికే పూనుకొననివారు అధములనియు, పూనుకొని విఘ్నము కలుగగానే మానువారు మధ్యములనియు, ఎన్ని విఘ్నములు కలిగినను విడువనివారు ఉత్తములనియు భర్తృహరి తన సుభాషితములలో మనుష్యులను మూడు తెగలుగా విభజించెను. ఏనుగు లక్ష్మణకవి తెనిగింపువలన ఈ భావము తెలుగునాట పాఠశాలలకు చిరపరిచితమైనది. అయినను చేతిలోని పనిని విడుచుటయే వివేకమగు సందర్భములును కలవు. పట్టుదల యెక్కడ ముగియునో, మొండితన మెక్కడ మొదలగునో గుర్తించుట యెట్లు? ఈ ప్రశ్నను గొప్ప కార్యములలో గాక, ఇంటిలో కుట్టుకొను ఒక రవికెయందు పరిశీలింతము.

ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె వేసవి సెలవులలో కుట్టుపని నేర్చుకొన్నదనుకొందము. తన నాయనమ్మకు స్వహస్తములతో రవికె కుట్టి యీయవలెనని ఆమె కోరిక. ఇంటిఖర్చులో మిగిల్చిన డబ్బుతో తల్లి మీటరు మంగళగిరి నూలుబట్ట కొని యిచ్చెను. బాలిక కాగితపు నమూనా నొకదానిని తెచ్చి, దానిపై నచ్చువేసిన ఛాతీకొలత నాయనమ్మ కొలతతో సరిపోయినదని సంతోషించి, నమూనాను బట్టపై పరచి, సుద్దతో గీచి కత్తిరించెను. నాలుగు సాయంకాలములు మిషనువద్ద కూర్చుండి కుట్టెను.

తొడిగి చూడగా ఛాతీ సరిపోయినది గాని రవికె కుదరలేదు. వెనుకభాగము నడుమునుండి పైకి లేచిపోయెను. ముందుమెడ గొంతును నొక్కెను. ముందువైపు బట్ట ముడుతలు పడెను. చేతులు చాచినప్పుడెల్ల వీపుమీది కుట్లు బిగిసెను. “బాగానే ఉన్నదే తల్లీ!” అని నాయనమ్మ ప్రేమతో పలికెను. కాని దేవుని గూటిలోని దీపమున వత్తిని ఎగద్రోయుటకు ఆమె చేయి చాచలేకపోయెను.

లోపము కుట్టులో లేదు. కుట్లు తిన్నగనే యున్నవి. ఆ నమూనా నిటారుగా నిలుచు వీపునకు గీయబడినది. వయసుచేత నాయనమ్మ వీపు కొంచెము వంగినది. వీపు వంగినప్పుడు మెడనుండి నడుమువరకు వెనుకటి పొడవు హెచ్చును. ముందటి పొడవు తగ్గును. వెనుక చాలని బట్ట రవికె నంతటిని వెనుకకు లాగును. అందుచేతనే మెడ నొక్కుకొన్నది. ముందు ముడుతలు పడినవి. ఛాతీచుట్టు ఒక్కటే చూచి యెన్నుకొన్న నమూనా ఈ సంగతిని చెప్పజాలదు.

కాగితపు నమూనాల చరిత్ర కొంత తెలిసినచో ఈ చిక్కు ఇంకను స్పష్టపడును. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున ఎబెనీజరు బటరిక్ అను దర్జీ 1863లో వేర్వేరు పరిమాణములలో కాగితపు నమూనాలను అమ్మ నారంభించెను. ఇండ్లలో కుట్టుకొనువారికి అవి మహోపకారము చేసినవి. కాని నమూనా గీయువాడు తొడుగువారిని చూచియుండడు. ఒక సగటు శరీరమును మనస్సున నిలుపుకొని గీయును. సరియైన కొలతలు కావలెనని 1939, 1940 సంవత్సరములలో అమెరికా వ్యవసాయశాఖవారు సుమారు 15,000 మంది స్త్రీలను కొలిపించి, ఫలితములను 1941లో ప్రకటించిరి. ఒక్కొక్కరికి ఏబదికి పైగా కొలతలు తీసిరి. ఒకే చుట్టుకొలత గలవారిలోనే భుజముల వెడల్పు, నడుము పొడవు, ఎత్తు మొదలగునవి భిన్నముగా నుండును; కావున ఒక్క కొలతతో శరీరమునంతటిని నిర్ణయింప వీలుకాదు. మన దేశమునకు తగిన పరిమాణములు ఏర్పరచుటకై జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థవారు ‘ఇండియాసైజ్’ అను పేర 6 నగరములలో 25,000 మందికి పైగా జనులను కొలుచు కార్యమునకు పూనుకొనిరి. ఆ నగరములలో హైదరాబాదు ఒకటి.

ఇప్పుడు మన బాలిక యేమి చేయవలెను? నాలుగు సాయంకాలముల శ్రమ, తల్లి కూడబెట్టిన డబ్బు ఆమె కన్నుల యెదుట నిలిచినవి. “ఇంత చేసి యెట్లు విడుతును?” అని ఆమె విలపించెను. ఈ బాధ ఆమె కొక్కతెకే కాదు. హాల్ ఆర్కెస్, కాథరిన్ బ్లూమర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1985లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. ఒక విశ్వవిద్యాలయ నాటకశాలలో ఏడాది నాటకములకు టిక్కెట్లు కొన వచ్చినవారిలో కొందరికి వాటిని పూర్తివెలకును, కొందరికి తగ్గింపువెలకును ఇచ్చిరి. ఎవరికి ఏ వెల యనునది వారి యిష్టముతో నిమిత్తము లేక నిర్ణయింపబడెను. నాటకములు అందరికి నొక్కటే. అయినను ఆ యేటి పూర్వార్ధమున పూర్తివెల యిచ్చినవారే ఎక్కువ నాటకములకు పోయిరి. నాటకము చూచినను చూడకున్నను ఇచ్చిన డబ్బు తిరిగి రాదు. అయినను ఆ డబ్బే వారిని నడిపించెను. బాలిక గడిపిన నాలుగు సాయంకాలములును అట్టివే. ఐదవ సాయంకాలమును, ఆరవ సాయంకాలమును వాటికి తోడుచేసినంతమాత్రమున అవి తిరిగి రావు.

అయితే కుదరని ప్రతి బట్టను పారవేయవలెనని దీని యర్థము కాదు. విడుచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది: లోపము కుట్టులోనిదా, కత్తిరింపులోనిదా? కుట్టులోనిదైనచో విప్పి మరల కుట్టవచ్చును. రెండవది: సవరించుటకు బట్ట మిగిలియున్నదా? వదులైన రవికెను బిగింపవచ్చును. బిగువైనను, ప్రక్కకుట్ల లోపల బట్ట మిగిల్చియున్నచో వదులు చేయవచ్చును. కాని మెడ యెక్కువగా తెగినను, భుజము కురుచైనను, వీపున పొడవు చాలకున్నను తెగిన బట్ట తిరిగి రాదు. మూడవది: ఇంకను కత్తెర వేయకుండినచో, నేడు ఈ నమూనానే యెన్నుకొందునా? ఈ మూడవ ప్రశ్నకు ‘కా’దని ఉత్తరము వచ్చి, మొదటి రెంటియందును మార్గము కనబడనిచో, ఆ కుట్టును విడుచుటయే తగును.

బాలిక ఈ ప్రశ్నలు వేసికొని, కుట్లు ఓపికతో విప్పెను. విప్పిన ముక్కలలో చంటి తమ్మునికి చిన్న చొక్కా వచ్చెను. మిగిలిన పీలికలు ఇంటిలో కుట్టుచున్న బొంతలోనికి చేరెను. పిమ్మట ఆమె కాగితపు నమూనాను ప్రక్కనుంచి, నాయనమ్మ నిత్యము ధరించు పాత రవికెను అడిగి తీసికొనెను. మన యూళ్లలో స్త్రీలు దర్జీ కిచ్చు ‘ఆది రవికె’ యనగా ఇదియే. సగటు మనిషి కొలతలు కాక, తొడుగు మనిషి కొలతలే అందు కలవు. దానిని చదునుగా పరచి కొలతలు వ్రాసికొని, ముందుగా చిరిగిన దుప్పటిగుడ్డపై కత్తిరించి, పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసి తొడిగి చూపెను. వీపున పొడవు ఇంకను అంగుళము కావలసివచ్చెను. దుప్పటిగుడ్డలో ఆ లోపము కనబడుటచే నష్టమేమియు లేకపోయెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల? తుదకు నాయనమ్మ నూలుచీరలో చిరుగని భాగము తీసి రవికె కుట్టెను. అది తొడిగికొని నాయనమ్మ చేయి చాచి దీపమున వత్తిని ఎగద్రోసెను. ఈ మారు ‘బాగున్న’దని చెప్పవలసిన పనియే లేకపోయెను.

ఈ బాలిక భర్తృహరి చెప్పిన మధ్యముల తెగకు చెందునా? చెందదు. ఆమె పూనుకొన్న కార్యము నాయనమ్మకు రవికె కుట్టుట; ఆ కాగితపు నమూనాను గెలిపించుట కాదు. ఆమె నమూనాను విడిచెనే గాని కార్యమును విడువలేదు. విసుగుచేత మానువాడు కార్యమునే మానును. వివేకముతో మానువాడు కుదరని మార్గమును మాని, కుదురు మార్గమును వెదకును. మొదటివాని చేతిలో ఏమియు మిగులదు. రెండవవాని చేతిలో కొలత తెలిసిన కత్తెర మిగులును.

బాలబాలికలారా! మీరును ఇట్టి కుదరని కుట్లను ఎదుర్కొందురు. అది బట్టయే కానక్కరలేదు; చదువులో ఒక పద్ధతి కావచ్చును, చేతిపనిలో ఒక మార్గము కావచ్చును. అప్పుడు “ఎంత శ్రమపడితిని?” అని వెనుకకు చూడక, “ఇది ఎవరికొరకు? వారికి కుదురునా?” అని ముందునకు చూడుడు. కుదరనిచో సిగ్గుపడక విప్పుడు. విప్పిన పిమ్మట కొలత తీసికొని మరల కూర్చుండుడు.