సూదిబెజ్జం కెమెరా – తక్షణ ఛాయాచిత్రం

హంపీలోని విరూపాక్షాలయాన్ని దర్శించినవారిలో పలువురు గర్భాలయం వెనుకనున్న ఒక చీకటి గదిని కూడా చూసి ఉంటారు. దాని గోడమీద, సుమారు 50 మీటర్ల ఎత్తుగల తూర్పు గోపురం చిన్నదై, తలకిందులై కనిపిస్తుంది. చూపించేవారు దానిని ‘గోపురం నీడ’ అంటారు. కాని నీడ ఆ విధంగా తలకిందులు కానేరదు; అది ప్రతిబింబం. కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుంది కనుక, గోపుర శిఖరం వైపు నుండి వచ్చిన కిరణాలు ఎదుటి చిన్న రంధ్రంగుండా దిగి గోడ అడుగుభాగాన్ని, కిందినుండి వచ్చినవి పైభాగాన్ని చేరుతాయి. శ్రీకృష్ణదేవరాయలు 1510 ప్రాంతంలో రంగమంటపం కట్టించిన ఆలయమది. అక్కడ కటకం లేదు, యంత్రం లేదు. ఒక చీకటి గది, ఒక బెజ్జం, ఒక గోడ మాత్రమే ఉన్నాయి.

2024 ఏప్రిల్ 8న కెనడాలో సూర్యగ్రహణం పట్టిన వేళ బూందీ గరిటెను ఎండలో పట్టి, సూర్యుని వైపు వీపు తిప్పి దాని నీడను చూసినవారికి ఇదే సూత్రం కనిపించి ఉంటుంది. గరిటెకు ఎన్ని బెజ్జాలున్నాయో నేలమీద అన్ని నెలవంకలు!

ఆ గోడకు, ఆ నేలకు లేనిది ఒక్కటే: పడిన కాంతిని నిలుపుకొనే శక్తి. దానిని ఇచ్చినది రసాయనశాస్త్రం. గోడకు బదులు తక్షణ ఫిల్మును అమర్చితే, సెలవురోజు మధ్యాహ్నం పిల్లలతో కూర్చుని మన ఇంటనే కెమెరాను తయారుచేసుకోవచ్చు. చేతి ఫోనుతో రోజుకు వంద బొమ్మలు తీయగల పిల్లలకు ఇది ఎందుకని పాఠకులు అడుగవచ్చు. ఫోను బొమ్మను ఇస్తుంది గాని, అది ఎలా వచ్చిందో చూపించదు. ఈ అట్టపెట్టెలో దాగినదేమీ లేదు. ప్రతి ఫలితానికీ కారణం పిల్లవాని చేతిలోనే ఉంటుంది.

తక్షణ ఫిల్ము కథ

1943లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ లాండ్ తన చిన్న కుమార్తెను ఫొటో తీయగా, ‘ఇప్పుడే ఎందుకు చూడకూడదు?’ అని ఆ పాప అడిగిందట. ఆ ప్రశ్నకు సమాధానంగా ఆయన 1947 ఫిబ్రవరిలో న్యూయార్కులో తన పద్ధతిని ప్రదర్శించారు. 1948 నవంబరులో బోస్టన్‌లో పోలరాయిడ్ కెమెరా అమ్మకానికి వచ్చింది. రంగుల ఫిల్ము 1963లోను, కళ్లెదుటే బొమ్మ తేలే ఎస్ఎక్స్-70 కెమెరా 1972లోను వెలువడ్డాయి. డిజిటల్ కెమెరాల రాకతో పోలరాయిడ్ సంస్థ 2008లో తక్షణ ఫిల్ము తయారీని మానుకున్నది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే కర్మాగారాన్ని కొందరు ఔత్సాహికులు నిలబెట్టుకున్నారు గాని, పాత ముడి రసాయనాలు దొరకక ఫిల్మును మళ్లీ కొత్తగా రూపొందించవలసి వచ్చింది. 2010లో వారి తొలి ఫిల్ము బయటకు వచ్చింది. వాడుక ఆగితే విద్య ఎంత త్వరగా చేజారుతుందో ఇది చెబుతుంది. పరాయిదేశంలో మాతృభాషను కాపాడుకొనే మనకు ఇది తెలియని సంగతి కాదు.

మన ప్రయోగానికి అనువైనది ఫూజీఫిల్మ్ వారు 1998లో ప్రవేశపెట్టిన ఇన్‌స్టాక్స్ ఫిల్ములలో మినీ రకం. ఒక కార్ట్రిడ్జిలో పది రేకులుంటాయి. రేకు పరిమాణం 86 × 54 మిల్లీమీటర్లు, బొమ్మ పరిమాణం 62 × 46 మిల్లీమీటర్లు, కాంతిగ్రాహ్యత ఐఎస్ఓ 800.

రేకులో ఏమి జరుగుతుంది?

రేకులో నీలి, ఆకుపచ్చ, ఎరుపు కాంతులను వేర్వేరుగా గ్రహించే సిల్వర్ హాలైడ్ పొరలు, వాటికి జతగా రంగు పదార్థాలు ఉంటాయి. మందంగా ఉన్న అంచులో క్షార లేపనం నిండిన చిన్న సంచి ఉంటుంది. కెమెరా రోలర్ల మధ్యనుండి రేకు బయటికి వచ్చేటప్పుడు ఆ సంచి పగిలి, లేపనం పొరల నడుమ సమంగా పరచుకుంటుంది. లాండ్ సంస్థ రంగుల పద్ధతిలో రంగు అణువుకు డెవలపర్ అణువు జోడించబడి ఉంటుంది. కాంతి తగిలిన చోట అది ఆక్సీకరణం చెంది కదలలేక నిలిచిపోతుంది. తగలని చోట క్షారంలో కరిగి పైపొరకు చేరి రంగునిస్తుంది. ఇన్‌స్టాక్స్‌లో అణువుల నిర్మాణం వేరైనా, కాంతి పడిన తీరును బట్టి రంగు కదలడమో, ఆగడమో అనే మూలసూత్రం ఒకటే.

బెజ్జం ఎంత ఉండాలి?

బెజ్జం పెద్దదైతే కిరణాలు ఒకదానిపై ఒకటి పడి బొమ్మ మసకబారుతుంది. మరీ చిన్నదైతే కాంతి అంచులవద్ద వంగి వ్యాపిస్తుంది. ఈ వివర్తనం వలన కూడా బొమ్మ చెదురుతుంది. రెంటికీ మధ్యనున్న సరియైన కొలతను లార్డ్ రేలీ 1891లో చర్చించారు. బెజ్జం నుండి ఫిల్ముకు గల దూరాన్ని కాంతి తరంగదైర్ఘ్యంతో గుణించి, వర్గమూలం తీసి, 1.9తో గుణించాలి. దూరం 60 మిల్లీమీటర్లు, తరంగదైర్ఘ్యం 0.00055 మిల్లీమీటర్లు అనుకుంటే, వ్యాసం సుమారు 0.35 మిల్లీమీటర్లు.

నిర్మాణం

శీతల పానీయపు డబ్బా నుండి చిన్న అల్యూమినియం ముక్కను కత్తిరించి, అట్టమీద పెట్టి, సన్నని సూది మొనతో మాత్రమే నొక్కాలి. వెనుక లేచిన బొడిపెను నున్నని గరుకు కాగితంతో అరగదీసి, సూదిని మెల్లగా తిప్పి బెజ్జాన్ని గుండ్రంగా చేయాలి. ఇంటి స్కానరులో అంగుళానికి 1200 చుక్కల వద్ద చూస్తే, సరియైన బెజ్జం అడ్డంగా 16 లేక 17 చుక్కలుంటుంది.

మందపాటి అట్టతో బెజ్జానికీ ఫిల్ముకూ మధ్య 60 మిల్లీమీటర్లు ఉండేటట్లు పెట్టె చేసి, లోపల మెరుపులేని నల్లరంగు పూయాలి. ముందువైపు రంధ్రంచేసి అల్యూమినియం ముక్కను అతికించాలి. వెనుక మూతకు రేకు మూలలను పట్టే నాలుగు అట్టముక్కలు అమర్చాలి. అతుకులన్నీ నల్లటేపుతో మూయాలి. బెజ్జంపై అంటించిన టేపుముక్కే షట్టరు.

రేకును డెవలప్ చేయడానికి ఒక ఇన్‌స్టాక్స్ మినీ కెమెరా కావాలి; మనకు అవసరమైనవి దాని రోలర్లే. కొత్త కార్ట్రిడ్జిని అందులో పెట్టి నల్లని రక్షక అట్టను బయటికి పంపాలి. తరువాతి పని కిటికీలేని బేస్‌మెంటు గదిలో, పూర్తి చీకటిలో జరగాలి. ఎర్రదీపం కూడా పనికిరాదు. కార్ట్రిడ్జిని బయటికి తీసి, పై రేకును చీలికగుండా మెల్లగా జార్చి, కార్ట్రిడ్జి కిటికీవైపున్న ముఖమే బెజ్జంవైపు ఉండేటట్లు పెట్టెలో అమర్చాలి. కార్ట్రిడ్జిని తిరిగి కెమెరాలో పెట్టి మూసిన పిమ్మటే దీపం వెలిగించాలి. మందపు అంచును నొక్కరాదు. ఫొటో తీసిన తరువాత మళ్లీ చీకటిలోనే రేకును మునుపటివలెనే కార్ట్రిడ్జిలో పైన ఉంచి, కెమెరా కటకాన్ని నల్లటేపుతో మూసి, మీట నొక్కితే అది రోలర్లగుండా బయటికి వస్తుంది. ఇదంతా ముందుగా ఖాళీ కార్ట్రిడ్జితో, పాత ఫొటోతో వెలుతురులో సాధన చేయడం మంచిది.

ఎంతసేపు తెరవాలి?

60ని 0.35తో భాగిస్తే వచ్చే సుమారు 170 మన కెమెరా ఎపర్చరు సంఖ్య. నిండు ఎండలో 16 సంఖ్యకు ఐఎస్ఓ 800 ఫిల్ముకు 1/800 సెకను చాలునని ఫొటోగ్రాఫర్ల లెక్క. 170ని 16తో భాగించి వర్గం చేస్తే 113; అంటే మనకు సుమారు 1/7 సెకను కావాలి. చేతితో టేపు తీసి అంత త్వరగా మూయలేము. కనుక నీడపట్టున ఒక సెకను, దట్టమైన మబ్బులో రెండు సెకన్లతో మొదలుపెట్టాలి. పగటిపూట కిటికీపక్కన లెక్క ప్రకారం సుమారు 20 సెకన్లు. ఆచరణలో 30 నుండి 40 సెకన్లు.

ఈ తేడాకు కారణముంది. సిల్వర్ హాలైడ్ కణం డెవలప్ కావడానికి దానిలో కొన్ని వెండి పరమాణువులు ఒకచోట చేరాలి. ఒంటరి పరమాణువు నిలకడలేనిది. కాంతి మందంగా వస్తే రెండవది ఏర్పడేలోగా మొదటిది చెదిరిపోతుంది. అందువలన తక్కువ వెలుతురులో లెక్కకు మించిన కాలం అవసరమవుతుంది. పిల్లలచేత ఒక పుస్తకంలో వెలుతురు, కాలం, ఫలితం రాయించాలి. తెల్లబోతే కాలం సగం చేయాలి. నల్లబడితే రెట్టింపు చేయాలి. కొద్ది నిమిషాలలోనే సమాధానం చెప్పడం తక్షణ ఫిల్ము ప్రత్యేకత.

జాగ్రత్తలు

తయారీదారులు ఈ ఫిల్మును 5 నుండి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడమంటారు. చలిలో రసాయన చర్యలు, అణువుల కదలిక మందగించి రంగులు సరిగా రావు. కనుక జనవరిలో బయట తీసినా, డెవలప్ చేసే పని ఇంటి వెచ్చదనంలోనే జరగాలి. లేపనం క్షారం, రేకును కత్తిరించరాదు. చర్మానికి తగిలితే ధారాళంగా నీటితో కడగాలి. బెజ్జంగుండా సూర్యుని ఎన్నడూ కంటితో చూడరాదు.

చివరగా ఒక సూచన. ఇండియా నుండి వచ్చిన అమ్మమ్మనో తాతయ్యనో కిటికీపక్కన కుర్చీలో కూర్చోబెట్టండి. టేపు తీయడం, ముప్ఫై వరకు తెలుగులో లెక్కించడం మనుమలకు అప్పగించండి. ఆ ముప్ఫై అంకెలసేపు ఇరువురూ ఒకరినొకరు చూస్తూ కదలక కూర్చుంటారు. వచ్చే బొమ్మ కొంత మసకగానే ఉంటుంది; దానికి నెగటివు ఉండదు. అయినా ఆ కాగితంమీద ఉన్నది వారి ముఖాన్ని తాకి, ఏ కటకమూ అడ్డురాకుండా నేరుగా వచ్చిన కాంతి వేసిన ముద్ర. అది ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, మొదటినుండి చివరివరకు ఆ పిల్లలే చెప్పగలరు.