నల్లా నీరు – సూక్ష్మజీవులు

తేటగా కనబడు నీరెల్ల శుద్ధమైనదని తలంపకుడు. మన పాలకీడునకు సమీపమున కృష్ణానది పారుచున్నది. వాడపల్లి యొద్ద మూసీనది కృష్ణయందు గలియుచున్నది. అట్టి నదీజలమున కంటికి గానరాని సూక్ష్మజీవు లుండును. 1884వ సంవత్సరమున రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు కలకత్తాలో నొక చెరువునీటియందు కలరా క్రిమిని కనుగొనెను.

నీటిని శుద్ధిచేయు విధము వినుడు. మొదట పటిక కలుపగా మడ్డి ముద్దకట్టి యడుగునకు దిగును. పిమ్మట నీటిని ఇసుకపొరలగుండ వడకట్టుదురు. తుదకు క్లోరీను కలిపి మిగిలిన క్రిములను చంపుదురు.

ఇంతటితో పని ముగియదు. నీరు గొట్టములలో బహుదూరము పోవలెను. గొట్టముల లోపలిగోడలపై సూక్ష్మజీవులు జిగురుపొరగా నంటుకొని వృద్ధిపొందును. సరఫరా ఆగినప్పుడు ఒత్తిడి తగ్గి, పగుళ్లగుండ మురుగు లోనికి చొచ్చును. 2009లో హైదరాబాదు భోలక్‌పూరున మురుగు కలిసిన నీరు త్రాగి పలువురు మరణించిరి. కావుననే కొంత క్లోరీను నీటివెంట కడపటి నల్లావరకు మిగిలియుండవలెను. అది లీటరునకు 0.2 మిల్లిగ్రాములకు తగ్గరాదని మన దేశపు ప్రమాణము. ఆ స్వల్పపు వాసనను చూచి నీటిని నిందింపకుడు.

శుద్ధజలమైనను మురికిచేయి ముంచినచో చెడిపోవును. బిందెను ప్రతిదినము తోమి, మూతవేసి, పిడిగల గరిటెతో నీరు తీయుడు. సందేహము గలిగినచో ఒక నిమిషము తెరలకాచి చల్లార్చి త్రాగుడు. అయితే కాచుట క్రిములను చంపునేగాని ఫ్లోరైడును తొలగింపదని మరువకుడు.

ప్రశ్న: మీ యింటి నల్లాగొట్టము మురుగుకాలువగుండ పోవుచున్నదా? నేడే చూచి పెద్దలకు తెలుపుడు.